మధురవాడ నుంచి సిరిపురం రోజూ తిరిగే హైబ్రిడ్ సైకిలుకు ఏ టైర్లు వేయాలి?

మధురవాడ వాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నా హైబ్రిడ్ సైకిలుకు టైర్లు మార్చవలసి వచ్చింది. ఎంత వెతికినా ఒక నిర్ణయానికి రాలేక, రోజూ సైకిలు తొక్కే మీ అందరి సలహా అడుగుతున్నాను.

మధురవాడ నుంచి సిరిపురంలో ఉన్న ఆఫీసుకు వారానికి నాలుగైదు రోజులు సైకిలు మీదనే వెళ్తాను. ఉదయం ఎండాడ, హనుమంతవాక, ఇసుకతోట, మద్దిలపాలెం మీదుగా జాతీయ రహదారి వెంట సుమారు 13 కిలోమీటర్లు. సాయంత్రం లారీల రద్దీ తప్పించుకోవడానికి తెన్నేటి పార్కు, జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్, ఋషికొండ మీదుగా తీరం వెంట ఇంటికి చేరుకుంటాను. వీలైన ఆదివారాల్లో భీమిలి దాకా వెళ్లి వస్తాను. నా బరువు 78 కిలోలు. వెనక క్యారియరు మీద ల్యాప్‌టాప్, టిఫిను, మార్చుకునే బట్టలు కలిసి మరో ఐదారు కిలోలు ఉంటాయి. బ్రేకులు రిమ్మును పట్టే రకం, డిస్కు బ్రేకులు కావు.

సైకిలుతో పాటు వచ్చిన టైర్ల మీద 700×40సి అని ఉంది. నడుమ సన్నని గట్టు, అంచుల్లో గుబ్బలు ఉన్న రకం. ముందుది ఐదేళ్ల నాటిది, దాని పక్కల మీద వెంట్రుకంత పగుళ్లు కనిపిస్తున్నాయి. వెనకది రెండేళ్ల క్రితం అదే రకం తెచ్చి మార్చాను. దాని నడుమ గట్టు పూర్తిగా అరిగి, చక్రాన్ని వెనక నుంచి చూస్తే గుండ్రంగా ఉండవలసిన చోట పలకలా చదునుగా కనిపిస్తోంది. పోయిన నెలలో నాలుగు సార్లు పంక్చరు పడింది, నాలుగూ వెనక చక్రానికే.

మొన్న ఒక దుకాణానికి వెళ్లి పాత టైరు మీద ఉన్న 28×1.50 అనే అంకె చెబితే, అదే కొలత అంటూ ఒక టైరు ఇచ్చారు. ఇంటికి తెచ్చి వేస్తే రిమ్ము చుట్టూ వదులుగా వేలాడింది. కొంత గాలి కొట్టగానే ఒక పక్క అంచు రిమ్ము దాటి బయటికి వచ్చేసింది. వెనక్కి తీసుకోలేదు. ఆ నష్టం కన్నా ఆ టైరుతో రోడ్డెక్కి ఉంటే ఏమయ్యేదో అన్న ఆలోచనే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది.

సన్నని టైర్లు వేస్తే ఎండాడ ఎక్కుడు తేలికవుతుందా, లేక ఈ గుంతల రోడ్లకు ఇప్పుడున్న వెడల్పే మంచిదా? వానాకాలంలో నున్నటి టైరు జారదా? పంక్చరు పడకుండా లోపల పొర ఉన్న టైర్లకు అంత ఖరీదు పెట్టడం సమంజసమేనా? ఒక్కో టైరుకు రెండు వేల రూపాయల వరకు పెట్టగలను. ఈ వానలు ముదిరేలోగా మడ్‌గార్డులు కూడా బిగించుకోవాలని ఉంది.


గాజువాక పెడలు:

మీకు జరిగినది చాలామందికి జరుగుతుంది. అందులో మీ పొరపాటు లేదు, కొలతలు రాసే పద్ధతిలోనే చిక్కుంది. 28×1.50 అని దశాంశంలో రాసిన టైరు, 28×1½ అని భిన్నంలో రాసిన టైరు లెక్క ప్రకారం ఒకటే అనిపిస్తాయి, కాని అవి వేరు వేరు రిమ్ములకు చెందినవి. భిన్నంలో రాసినది మన తాతల కాలం నుంచి పాలు, బియ్యం బస్తాలు మోసిన పెద్ద నల్ల సైకిలుది. దాని టైరు రిమ్ము మీద కూర్చునే చోట వ్యాసం 635 మిల్లీమీటర్లు. మీ హైబ్రిడ్ రిమ్ముకు ఆ వ్యాసం 622 మిల్లీమీటర్లు. 13 మిల్లీమీటర్ల తేడా ఉన్నప్పుడు టైరు వేలాడక ఏం చేస్తుంది? దానిని మళ్లీ ప్రయత్నించవద్దు. ఊళ్లో పెద్ద సైకిలు తొక్కేవారు ఎవరైనా ఉంటే వారికి ఇచ్చేయండి, వారికి సరిగ్గా సరిపోతుంది.

ఇంచుల అంకెలను, 700సి అన్న మాటను కూడా పక్కన పెట్టి, మీ పాత టైరు పక్కన చిన్న అక్షరాలతో ఉబ్బెత్తుగా అచ్చయి ఉండే 40-622 అనే అంకెను చూడండి. ఐఎస్‌ఓ 5775 ప్రమాణం ప్రకారం వేసే గుర్తు అది. మొదటి అంకె గాలి నింపిన టైరు వెడల్పు, రెండోది రిమ్ము మీద కూర్చునే వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలోనే. కొత్త టైరుకు రెండో అంకె 622 తప్ప మరొకటి ఉండకూడదు. మొదటి అంకె ఒక హద్దు లోపల మీ ఇష్టం. 29 ఇంచులు అని అమ్మే మౌంటెన్ సైకిలు టైర్లు కూడా 622 వే కాబట్టి, దుకాణంలో 29 అని చెప్పినా కంగారు పడకుండా ఆ చిన్న అక్షరాల వైపే చూడండి. పాత 26 ఇంచుల మౌంటెన్ సైకిళ్లవి 559, 27.5 ఇంచులవి 584. అవి మీకు ఎటూ సరిపోవు.

కొనే ముందు మూడు చోట్ల చూడాలి. టైరు విప్పినప్పుడు రిమ్ము లోపలి వెడల్పు కొలవండి. రిమ్ము మీదే 622×19 వంటి గుర్తు ఉంటే ఆ 19 లోపలి వెడల్పే. 19 మిల్లీమీటర్ల రిమ్ము మీద 28 నుంచి 50 దాకా ఏ వెడల్పు టైరైనా నిశ్చింతగా వేసుకోవచ్చు. తరువాత వెనక చక్రం పక్కన ఫ్రేము గొట్టాల మధ్య, ముందు ఫోర్కు కాళ్ల మధ్య, టైరుకు అటూ ఇటూ ఎంత ఖాళీ మిగులుతోందో చూడండి. మడ్‌గార్డులు వేస్తానంటున్నారు కాబట్టి అది మరీ ముఖ్యం. బురద, చిన్న రాళ్లు ఇరుక్కోకుండా ప్రతి పక్కా కనీసం ఐదారు మిల్లీమీటర్లు ఉండాలని నా అనుభవం. ఇక ట్యూబు వాల్వు కారుకు ఉండే లావు రకమా, సన్నని రకమా అన్నది. లావు వాల్వు ఉన్న రిమ్ములో రంధ్రం పెద్దది కాబట్టి ఈసారి కూడా అదే రకం ట్యూబు తీసుకోండి. పెట్రోలు బంకులో కూడా గాలి పట్టించుకోవచ్చు.


తెల్లవారు సవారీ:

నా అభిప్రాయం కొంచెం వేరు. రోజూ 26 కిలోమీటర్లు తొక్కే మనిషికి 40 అనవసరపు బరువు. నేను రెండేళ్లుగా 28-622 నున్నటి టైర్లతో ఆర్కే బీచి నుంచి భీమిలి దాకా వెళ్లి వస్తున్నాను. సైకిలు మొత్తం మారిపోయినట్లు అనిపించింది. పెడలు మీద కాలు వేయగానే ముందుకు దూకుతుంది. గాలి మాత్రం ప్రతి మూడు రోజులకూ 90 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా కొట్టుకోవాలి. ఆ ఓపిక ఉంటే ఎండాడ ఎక్కుడులో తేడా మొదటి రోజే తెలుస్తుంది. 28 మరీ సన్నం అనిపిస్తే 32 తో మొదలుపెట్టండి.


పెందుర్తి దారి:

పై మిత్రుడు చెప్పిన చురుకుదనం నిజమే. అయితే అందులో ఎక్కువ భాగం టైరు సన్నగా ఉండడం వల్ల కాక, గుబ్బలు పోయి నున్నగా, తేలికగా అయినందువల్ల వచ్చిందని నా నమ్మకం. గుబ్బలున్న టైరు తారు రోడ్డు మీద దొర్లేటప్పుడు ప్రతి గుబ్బా వంగి లేస్తుంది, మన కాలి బలం కొంత అందులోనే ఖర్చయిపోతుంది. తేనెటీగల తుట్టె కదిలినట్లు వచ్చే ఆ రొద అదే. అదే వెడల్పులో నున్నటి టైరు వేసి చూస్తే ఆ చురుకుదనంలో సగానికి పైగా వస్తుంది. ఒకే రకం టైర్లను ఒకే ఒత్తిడితో పోలిస్తే దొర్లే నిరోధం వెడల్పాటి టైరుకే తక్కువ. సన్నని టైరులో ఎక్కువ గాలి నింపడం వల్ల ఆ లోటు తీరుతుంది గాని, మన రోడ్ల మీద అంత గట్టి టైరు ప్రతి అతుకునూ, ప్రతి కంకర రాయినీ చేతులకూ నడుముకూ అందిస్తుంది. చక్రం ఎగిరెగిరి పడే సైకిలు నున్నగా దొర్లే సైకిలు కన్నా వేగంగా పోదు.

ప్రశ్న అడిగినవారి బరువు, సామాను, సైకిలు కలిపితే దాదాపు 98 కిలోలు అవుతుంది. కూర్చున్న తీరును బట్టి అందులో సుమారు 60 శాతం వెనక చక్రం మీదే పడుతుంది. ఈ బరువుకు 28 వెడల్పు టైరు వేసి ఒక రోజు గాలి చూసుకోవడం మరిచిపోతే, గుంత అంచు తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకూ రోడ్డుకూ మధ్య నలిగి పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి. అందుకే నేను 35 లేదా 37 సూచిస్తాను. 40 కన్నా కొంత తేలిక, మడ్‌గార్డులకు చోటు దొరుకుతుంది, కుదుపుకూ భయం ఉండదు. గాలి వెనక 55 నుంచి 60 పీఎస్‌ఐ, ముందు 40 నుంచి 45 సరిపోతుంది. రెండు చక్రాలకూ ఒకే ఒత్తిడి కొట్టించే అలవాటు మన పంక్చరు దుకాణాల్లో ఉంది. ముందు చక్రం మీద బరువు తక్కువ కాబట్టి అక్కడ అంత గాలి అవసరం లేదు, తగ్గిస్తే చేతులకు సుఖం. టైరు పక్కన రాసి ఉన్న కనిష్ఠ, గరిష్ఠ ఒత్తిళ్ల మధ్యనే ఉండేలా మాత్రం చూసుకోండి. ఎండకు టైరు పేలుతుందని చాలామంది గాలి బాగా తగ్గించి తిరుగుతారు. 30 డిగ్రీల దగ్గర 60 పీఎస్‌ఐ నింపిన టైరు 50 డిగ్రీలకు వేడెక్కినా పెరిగేది 5 పీఎస్‌ఐ మాత్రమే. మంచి టైరుకు అది లెక్కలోనిది కాదు.

వానలో జారడం గురించి చెబుతాను. కారు టైరు కింద నీరు పొరలా చేరి బండి తేలిపోతుంది కాబట్టి దానికి గాళ్లు కావాలి. సైకిలు టైరు నేలను తాకే చోటు చిన్నది, గుండ్రనిది, పైగా వేగమూ తక్కువ, కనుక నీటిని అదే పక్కకు నెట్టుకుంటూ పోతుంది. తడి రోడ్డు మీద పట్టు గాడిని బట్టి కాదు, రబ్బరు మెత్తదనాన్ని బట్టీ, నేలను తాకే రబ్బరు ఎంత ఉన్నదన్న దాన్ని బట్టీ ఉంటుంది. తారు మీద గుబ్బల టైరు కన్నా నున్నటి టైరే బాగా పట్టుకుంటుంది. మొదటి వానకు పైకి తేలే నూనె జిడ్డు, మద్దిలపాలెం కూడలి దగ్గర తెల్ల రంగు గీతలు, మ్యాన్‌హోలు మూతలు అయితే ఏ టైరునైనా జారుస్తాయి. వాటి మీద బ్రేకు వేయకుండా, హ్యాండిలు తిప్పకుండా నిటారుగా దాటడమే మార్గం. ఒక్క సంగతి మాత్రం గమనించండి. ఎర్రమట్టి దిబ్బల దగ్గర రోడ్డు అంచు మీదికి ఇసుక కొట్టుకొచ్చి ఉంటుంది, అక్కడ పూర్తి నున్నటి టైరు కొంచెం తడబడుతుంది. నడుమ నున్నగా, భుజాల మీద సన్నని గాళ్లు ఉన్న రకం మీ దారికి చక్కగా అమరుతుంది.

ఇప్పుడు అసలు విషయం. నాలుగు పంక్చర్లూ వెనక చక్రానికే పడ్డాయంటే, కొత్త టైరు కొనే ముందే వాటి కారణం తెలుసుకోండి, లేకపోతే కొత్త టైరుకూ అదే గతి పడుతుంది. ట్యూబు తీసే ముందు వాల్వు ఉన్న చోట టైరు మీద సుద్దతో గీత పెట్టండి. ట్యూబును నీళ్లలో ముంచి రంధ్రం కనిపెట్టాక, దాన్ని మళ్లీ అదే గీతకు ఆనించి టైరు పక్కన పరచండి. రంధ్రం బయటి వైపు ఉంటే ముద్దాయి టైరులోనే, సరిగ్గా ఆ చోటే ఉంటుంది. లోపలి వైపు, రిమ్ము పక్కన ఉంటే స్పోకు తలలను కప్పి ఉంచే రిమ్ము టేపు జరిగి, స్పోకు తల గుచ్చుకుంటోందన్న మాట. వాల్వు మొదట్లో చీలితే గాలి తక్కువై ట్యూబు జరుగుతోందని అర్థం. టైరు లోపల వేలు పెట్టి తడిమితే వేలు తెగే ప్రమాదం ఉంది, ఒక ఉండ దూది తీసుకుని లోపలి గోడ చుట్టూ మెల్లగా తిప్పండి. ఏమున్నా దూది పోగు అక్కడ చిక్కుకుంటుంది.


మధురవాడ వాసి:

ఇంత వివరంగా రాసినందుకు మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి టైరు విప్పి, చెప్పినట్లే సుద్ద గీత పెట్టి చూశాను. ట్యూబు మీద ఉన్న నాలుగు అతుకుల్లో మూడు వాల్వు నుంచి ఒకే దూరంలో, బొటనవేలంత మేరలో ఉన్నాయి. పంక్చరు వేసిన ప్రతిసారీ ట్యూబుకు అతుకు పడింది గాని టైరును ఎవరూ చూడలేదని అప్పుడు అర్థమైంది. దూది తిప్పగానే ఆ చోటే పోగు పట్టుకుంది. దీపం దగ్గర పెట్టి చూసినా బయటి నుంచి ఏమీ కనబడలేదు. టైరును లోపలికి బయటికి తిరగేసి వంచితే, ఒకటిన్నర మిల్లీమీటరు మేర పొడుచుకుని ఉన్న ఉక్కు తీగ మొన కనిపించింది. కనుబొమ్మలు తీసే పట్టకారుతో లాగితే అగ్గిపుల్ల మందులో సగమంత ముక్క వచ్చింది. నాలుగో అతుకు వేరే చోట ఉంది, అక్కడ టైరులో ఏమీ దొరకలేదు.

కొలతలు కూడా తీశాను. రిమ్ము మీద 622×19 అనే ఉంది. ఇప్పుడున్న 40 టైరుకు వెనక గొట్టాల దగ్గర ప్రతి పక్కా 6 మిల్లీమీటర్లే ఖాళీ, ముందు ఫోర్కులో ఇంకొంచెం ఎక్కువ. మడ్‌గార్డు వస్తే 40 కి చోటు చాలదు కాబట్టి 37 కు మొగ్గు చూపుతున్నాను. ఆ తీగ ఎక్కడి నుంచి వచ్చి ఉంటుంది? లోపల రక్షణ పొర ఉంటే అది ఆగేదా?


గాజువాక పెడలు:

అది లారీ టైరుది. రేడియల్ టైర్లలో సన్నని ఉక్కు తీగల పట్టీ ఉంటుంది. లారీ టైరు పేలినప్పుడు ఆ తీగ ముక్కలుగా రాలి రోడ్డు అంచున చేరుతుంది, మనం తొక్కేదీ ఆ అంచునే. కూర్మన్నపాలెం నుంచి గాజువాక వచ్చే దారిలో ఇటువంటివి నేను లెక్కలేనన్ని ఏరాను. మీకు ఉదయం రహదారి మీద తగిలి ఉంటుంది. మీ సాయంత్రపు దారిలో శత్రువు వేరే, అది పల్లేరు కాయ. ఇసుక నేలల్లో అల్లుకునే ఆ తీగ కాయ ఎలా పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది. అది గుచ్చి, సైకిలు ఆపేలోగానే రాలిపోతుంది. మీ నాలుగో రంధ్రం దానిదే అయి ఉండవచ్చు.

రక్షణ పొర రెండింటికీ ఒకే విధంగా పని చేయదు. పల్లేరు ముల్లు పొట్టిది, రెండు మూడు మిల్లీమీటర్ల రబ్బరు పొర దాన్ని దాదాపు ఎప్పుడూ ఆపేస్తుంది. ఉక్కు తీగ ఒక్క రోజులో దిగదు. ప్రతి చుట్టుకూ కొంచెం కొంచెం లోపలికి నాటుకుంటూ కొన్ని రోజులకు ట్యూబును చేరుతుంది. పొర ఉంటే ఆ గడువు పెరుగుతుంది, అంతలో మనం చూసి తీసేయవచ్చు. అందుకే వారానికి ఒకసారి గాలి చూసేటప్పుడే టైరును వెలుతురులో మెల్లగా తిప్పి, గాట్లలో ఇరుక్కున్నవి సూదితో పెకలించే అలవాటు చేసుకోండి. ష్వాల్బే మారథాన్ ప్లస్ వంటి టైర్లలో ఈ పొర 5 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అవి దాదాపు పంక్చరు పడనివే గాని బాగా బరువు, ఎక్కడంలో ఆ బరువు తెలుస్తుంది. మీ బడ్జెటుకు వెనక మధ్యరకం పొర ఉన్న 37, ముందు అదే కొలతలో తేలికైన టైరు వేసుకుంటే ఖర్చూ బరువూ రెండూ కలిసొస్తాయి. ఒకవేళ ఇప్పుడు ఒక్కటే కొనగలిగితే కొత్తదాన్ని ముందు చక్రానికే వేయండి. పరుగులో ముందు టైరు పేలితే సైకిలును అదుపు చేయడం చాలా కష్టం. పక్కలు పగిలిన ఆ ఐదేళ్ల టైరును మాత్రం ఇక నమ్మవద్దు. అరిగిన నడుమ కన్నా పగిలిన పక్కలే ఎక్కువ ప్రమాదం. సైకిలును రోజంతా ఎండలో నిలపకుండా చూస్తే కొత్త టైరు పక్కలు ఎక్కువ కాలం నిలుస్తాయి.

వేసేటప్పుడు పక్కన ఉన్న బాణం గుర్తు చక్రం తిరిగే దిక్కుకు ఉండాలి. టైరు మీద కంపెనీ పేరు వాల్వు ఎదురుగా వచ్చేలా పెట్టండి, ఇక ముందు సుద్ద గీత అవసరం ఉండదు. ట్యూబులో కొంచెం గాలి ఊది గుండ్రంగా చేసి దూర్చండి. రెండో అంచును వాల్వుకు ఎదురు చోట మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించండి. ఎక్కిన మేర అంచును రిమ్ము నడుమ పల్లంలోకి నొక్కుతూ వస్తే, చివరి జానెడు కూడా అరచేతులతోనే ఎక్కుతుంది. టైరును రిమ్ము మీదికి ఎక్కించే చిన్న మీట, అంటే టైరు లీవరు, వాడితే ట్యూబు నలిగే ప్రమాదం ఉంది. మొరాయిస్తే సబ్బు నీళ్లు రాయండి. పూర్తిగా గాలి కొట్టిన తరువాత రిమ్ము పక్కన టైరు మీద ఉండే సన్నని గీత చుట్టూ ఒకే ఎత్తున కనిపిస్తోందా లేదా చూడండి. ఎక్కడైనా లోపలికి మునిగి ఉంటే గాలి తీసి సరిచేయాలి.

టైరు విప్పి ఉన్నప్పుడే రిమ్ము పక్కలను కూడా వేలితో తడమండి. తీరం ఇసుక బ్రేకు రబ్బరులో చిక్కుకుని రిమ్మును ఆకురాయిలా అరగదీస్తుంది. ఆ పక్క లోపలికి గిన్నెలా పల్లం పడితే టైరు సంగతి తరువాత, ముందు రిమ్మునే మార్చాలి.


తెల్లవారు సవారీ:

బరువు లెక్క చూశాక నేను చెప్పిన 28 మీకు కాదని ఒప్పుకుంటున్నాను. నేను 60 కిలోలు, సామాను మోయను. సైకిలుకు వేగం చూపే మీటరు ఉంటే చుట్టుకొలత మార్చుకోండి. 40 టైరుకు సుమారు 2205 మిల్లీమీటర్లు, 37 కు సుమారు 2187.


మధురవాడ వాసి:

రిమ్ము తడిమి చూశాను, ముందుది బాగుంది, వెనకది ఒక పక్క కొద్దిగా పల్లంగా ఉన్నా గోరుకు పట్టేంత కాదు, బ్రేకు రబ్బరులో దిగిన రెండు ఇసుక రేణువులను సూదితో తీసేశాను. 37-622 టైర్లు రెండు తెప్పిస్తున్నాను, వెనకదానికి పొర ఉన్నది, ముందుదానికి తేలికైనది, వాటికి తగిన లావు వాల్వు ట్యూబులు కూడా. అవి వచ్చేదాకా తీగ తీసిన పాత టైరుతోనే, రహదారి మానేసి రెండు పూటలా తీరం దారిలో నెమ్మదిగా వెళ్తాను. ఈ రోజు పొద్దున అలాగే వెళ్లి వచ్చాను, గాలి దిగలేదు.